రెండిళ్ల నల్లా

మా దుకాణంలో పెళ్లిళ్లకు, దావత్‌లకు వంట గిన్నెలు కిరాయికి ఇస్తాం. నడుము దాకా వచ్చే బిర్యానీ దేగ్‌లు, తాంబాళాలు, పొడుగు కాడల గరిటెలు, వందల కొద్దీ పళ్లేలు. బహదూర్‌పురాలో జూ వైపు పోయే రోడ్డు వదిలి లోపలికి మళ్లితే మా గల్లీ. మా ఆయన పోయినప్పటి నుంచి దుకాణం నేనే చూసుకుంటున్నాను. దాని పైనున్న రెండు గదుల్లో నేను, నా కొడుకు ఉంటాం. వాడు బస్సు డిపోలో మెకానిక్.

గిన్నె మెరుస్తూ పోతుంది. తిరిగొచ్చేటప్పుడు నెయ్యి, మసాలా, అడుగంటిన అన్నం అన్నీ మోసుకొని వస్తుంది. ఒక్క దేగ్ నానడానికే నాలుగైదు బిందెలు పోయాలి. ఆ తర్వాత వేడినీళ్లు, పీచు, సబ్బుపొడి, మళ్లీ చన్నీళ్లు. తోమడానికి ఇద్దరు ఆడవాళ్లు వస్తారు. నేను కూడా కొంగు దోపుకొని కూర్చుంటాను. నీళ్లు లేని రోజు మా దుకాణం పాత ఇనుప కొట్టుతో సమానం. సంపు తవ్వుకునే జాగా లేదు కాబట్టి, నల్లా వచ్చినప్పుడే డ్రమ్ములు, ఖాళీగా ఉన్న దేగ్‌లు అన్నీ నింపుకుంటాం. ఒకరోజు తప్పి ఒకరోజు, పొద్దున ఆరింటికి అటూ ఇటూగా నీళ్లు వస్తాయి.

ఆ నల్లా మీద ఇంకో ఇల్లు కూడా బతికేది. గోడ అవతల ఆపా ఇల్లు. ఆపా అంటే అక్క, నాకంటే ఆరేడేళ్లు పెద్దది. చాలా ఏళ్ల కింద వాళ్ల లైనులో మోరీ నీళ్లు కలిశాయి. ఎన్నిసార్లు బాగు చేసినా మళ్లీ వాసనే. చివరికి మా ఆయన, వాళ్లాయన ఇద్దరూ కలిసి ఒక శుక్రవారం మధ్యాహ్నం గోడకు బొక్క కొట్టి మా నల్లా నుంచి వాళ్ల వాకిట్లోకి సన్న పైపు వేశారు. మా వైపు చిన్న వాల్వు పెట్టారు. ఆ వాల్వును ఎవరూ తిప్పిన గుర్తు లేదు. ఆ సంగతి ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. తర్వాత మగవాళ్లిద్దరూ ముందు వెనకగా పోయారు. పైపు మాత్రం ఉండిపోయింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. బస్తీ కమ్యూనిటీ హాలులో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. ఆ వేళకు దుకాణంలో ఎవరు కూర్చోవాలి? ఆపా వచ్చి కూర్చునేది. తస్బీ పూసలు తిప్పుకుంటూ, వచ్చినవాళ్లతో బేరమాడుతూ, నాకంటే ఎక్కువే కిరాయి వసూలు చేసేది. "నువ్వు పో చెల్లె, అ ఆ దిద్దుకో. నీ గిన్నెలు నేనేం తినను" అనేది. అలా రెండేళ్లు కూర్చుంది.

మొన్నటి ఎండాకాలానికి ముందు నీళ్ల ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు వచ్చి మా పాత మీటరు విప్పుకొని పోయారు. ఆ మీటరు అద్దం పచ్చబడి లోపల అంకెలు కనిపించేవి కావు. నెలకోసారి వచ్చే మనిషి దాన్ని వేలితో తుడిచి, ఏదో చూసినట్టు చూసి రాసుకొని పోయేవాడు. ఇప్పుడు దుకాణాల నల్లాలకు కొత్తరకం మీటర్లు పెడుతున్నారట. నీలం రంగు డబ్బా, చిన్న కిటికీలో అంకెలు.

"దీని దగ్గరికి ఎవరు రారమ్మా ఇగ. అదే చెప్తది" అన్నాడు బిగించినతను.

"ఎవరికి చెప్తది?"

"ఆఫీసుకు. గంట గంటకు ఎన్ని నీళ్లు పోయినయో మొత్తం చెప్తది. నీ ఫోన్లకు గూడ వస్తది."

"మా ఆయన గూడ ఏనాడు నాకు గన్ని ముచ్చట్లు చెప్పలె" అన్నాను. తోమే ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను కానీ, అతను పోయాక ఆ డబ్బాను చాలాసేపు చూశాను. నేను నిద్రపోయినా అది మేలుకొనే ఉంటుంది అనిపించింది.

మెసేజ్ వచ్చింది పెళ్లిళ్ల సీజన్ మధ్యలో. ఫోన్ టింగుమంటే చేతులు తుడుచుకొని తీశాను. తెలుగులోనే ఉంది. కూడబలుక్కుంటూ చదివాను. మా వాణిజ్య కనెక్షన్‌లో సరఫరా లేని వేళల్లో వినియోగం నమోదవుతోందట. లైనుకు మోటారు బిగించినా, ఇతరులకు నీరు ఇచ్చినా కనెక్షన్ తొలగించబడునట. వారం లోపల తనిఖీకి వస్తారట.

"తొలగించబడును" దగ్గర నా వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివాను. మళ్లీ చదివాను. చదువు రాకముందు ఇలాంటి కాగితం వస్తే ఎవరో ఒకరు చదివి చెప్పేవారు. చెప్పే మనిషి మొహం చూస్తే ఎంత భయపడాలో తెలిసిపోయేది. పెద్దగా ఏం లేదులే అన్నట్టు వాళ్లు పెదవి విరిస్తే నేనూ నా పని చూసుకునేదాన్ని. ఇప్పుడు నేనే చదువుకున్నాను. అక్షరాలకు మొహం ఉండదు. ఎంత భయపడాలో తెలియక మొత్తం భయపడ్డాను.

సాయంత్రం కొడుకు డిపో నుంచి వచ్చాక చూపించాను.

"గిట్లాంటివి అందరికి పంపుతరమ్మా. ఫికర్ చెయ్యకు" అన్నాడు బూట్లు విప్పుకుంటూ.

"జర తెరిచి చూడు రా. గంట గంటకు చెప్తదన్నడు కద."

వాడు ఫోన్‌లో ఏవో నొక్కాడు. రోజువారీగా నిలువు గీతలు వచ్చాయి. ఆరు నుంచి ఏడున్నర దాకా పెద్ద గీతలు. అది మాకు తెలిసిందే. వాటికి ముందు, అయిదు గంటల దగ్గర ఇంకో గీత. నీళ్ల వంతు వచ్చిన ప్రతి రోజూ ఉంది.

వాడు బూటు చేతిలో పట్టుకొనే ఆగిపోయాడు. "ఆరింటికి గద నీళ్లొచ్చేది. అయిదింటికి ఎవరు గుంజుతున్నరు?"

అయిదింటికి మా గల్లీలో లేచేది ఒక్క ఆపానే. నమాజుకు ముందు ఆమె వాకిట్లో చెంబు చప్పుడు నాకు నిద్రలోనే తెలుస్తుంది.

ఒక్కసారి ఆ ఆలోచన వచ్చాక ఇంకేదీ రాలేదు. పది రోజుల కింద ఆపాకు ఖుబానీ కా మీఠా గిన్నె తిరిగి ఇవ్వడానికి పోయినప్పుడు వాకిట్లో, డ్రమ్ము వెనక, అట్టపెట్టెలో కొత్త మోటారు చూశాను. ఇదేందని అడగలేదు. ఎవరింట్లో ఏముంటే మనకెందుకు? ఇప్పుడు ఆ అట్టపెట్టె కళ్లముందు నుంచి పోవడం లేదు. లైనులో ఇంకా నీళ్లు వదలకముందే మోటారు వేసి, అడుగున మిగిలినవి గుంజుతోందేమో. పురానాపూల్ వైపు ఒక హోటలు నల్లా ఇలాగే తీసేశారని, మళ్లీ పెట్టించుకోవడానికి ఆరు నెలలు తిరిగారని తోమే ఆమె చెప్పింది. ఆరు నెలలు! నాకు ఆరు రోజులు కూడా గడవదు. ఆ ఆదివారమే సైదాబాద్‌లో ఒక పెళ్లికి పన్నెండు దేగ్‌లు పోవాలి, సోమవారం మురికిగా తిరిగి రావాలి. నల్లా పోతే దుకాణం పోతుంది. దుకాణం పోతే ఈ వయసులో నాకు వచ్చిన పని ఇంకొకటి లేదు.

అడిగితే అయిపోయేది. ఇప్పుడు రాస్తుంటే అంత సులువుగా కనిపిస్తోంది. కానీ మా గల్లీలో నీళ్ల లెక్క అడగడమంటే అన్నం పెట్టి ముద్దలు లెక్కపెట్టినట్టు. ఇరవై ఏళ్లుగా అడగనిదాన్ని ఇప్పుడు గోడ పక్కకు పోయి, ఆపా, నువ్వు ఎన్ని నీళ్లు పట్టుకుంటున్నవ్ అని ఎలా అంటాను? అనలేక ఇంకో పని చేశాను. కొడుకును పిలిచి ఆ వాల్వు తీసేసి పైపుకు మూత బిగించమన్నాను.

"అడగరాదా ఒక్కమాట?" అన్నాడు వాడు.

"ఏమని అడుగుత? దొంగవా అని అడుగుతనా?"

"అడగకుండ బంద్ చేస్తె దొంగ అన్నట్టె గద."

"తనిఖీ అయిపోయినంక మల్ల తెరుస్తం తియ్యి. రెండు దినాలే."

వాడు రెంచి తెచ్చి మూత బిగించాడు. నాతో ఆ పూట అన్నం కూడా తినలేదు.

తెల్లవారి నీళ్ల వంతు. ఏడు గంటలకు ఆపా రెండు బిందెలతో మా గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ బిందెలతో రాని మనిషి.

"చెల్లె, మీకు నీళ్లొచ్చినయా? మాకు బొట్టు లేదు."

"సన్నంగ వచ్చినయి ఆపా" అన్నాను. నా వెనకే నల్లా ధారగా పడుతోంది. దాని చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది.

ఆమె ఆ ధారను చూసింది, నన్ను చూసింది. "మా పైపుల ఎలుక సచ్చిందో ఏమో. గా సన్న పైపుల ఎలుక ఎట్ల వట్టిందో, బక్కచిక్కెదాక ఉపవాసమున్నదేమో" అని తనే నవ్వింది. నేను బిందెలు నింపి గుమ్మం దాటించి ఇచ్చాను. బిందె సరిగ్గా పట్టుకోక ఆమె చెప్పుల మీద నీళ్లు ఒలికించాను. "ఏమైంది, జరం వచ్చిందా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ చెయ్యి తీసేదాకా నల్లా వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నం ఫోన్‌లో గీతలు నేనే తెరిచి చూసుకున్నాను. అయిదు గంటల దగ్గర గీత అలాగే ఉంది. కొంచెం కూడా తగ్గలేదు.

ఆపా పైపు మూసి ఉంది. మరి ఎవరు?

ఆ తర్వాత రెండు రోజులు నేను దుకాణంలో ఉన్నట్టే గానీ లేను. దేగ్‌లకు కళాయి వేసే మనిషి వస్తే ఎన్ని ఇచ్చానో మరిచిపోయాను. నేల కింద పైపు పగిలిందేమోనని గచ్చు మీద చెప్పుల్లేకుండా నడిచి చూశాను, ఎక్కడైనా చల్లగా తగులుతుందేమోనని. అన్నిచోట్లా ఒకేలా ఉంది. గుమ్మంలో బండి ఆగిన ప్రతిసారీ ఆఫీసువాళ్లే అనుకున్నాను. గోడ అవతల ఆపా దగ్గితే ఆ దగ్గు నన్నే అంటున్నట్టు ఉండేది.

మళ్లీ నీళ్ల వంతు రోజు అయిదింటికి ముందే కిందికి దిగి, మీటరు పక్కన పీట వేసుకొని కూర్చున్నాను.

మాకొక అలవాటుంది. మా అత్త నేర్పింది. సాయంత్రం దుకాణం మూసేటప్పుడు నల్లా కింద ఖాళీ దేగ్ పెట్టి, నల్లా పూర్తిగా తిప్పి వదిలేస్తాం. నీళ్లు ఎప్పుడొచ్చేది ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఒక్కోరోజు అయిదున్నర, ఒక్కోరోజు ఆరుంబావు. ఖాళీ దేగ్‌లో ధార పడితే డప్పు కొట్టినట్టు మోగుతుంది. పైన పడుకున్నా మెలకువ వస్తుంది. ఈ గల్లీలో బకెట్టుతోనో తపేలాతోనో అందరూ చేసేదే. మాకు దేగ్ ఉంది కాబట్టి మా మోత పెద్దది. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఇదే పద్ధతి, దాని గురించి ఏనాడూ ఆలోచించలేదు.

ఆ రోజు కూడా నల్లా తెరిచే ఉంది. అయిదు దాటి కొంచెంసేపైంది. పైపులో ఏదో కదిలినట్టు సన్నటి బుస వినిపించింది. నీళ్లేమోనని దేగ్‌లోకి వంగి చూశాను. చుక్క లేదు. బుస పెరిగింది. టార్చి వేసి మీటరు చూస్తే కిటికీలో చివరి అంకె కదులుతోంది. ఒకటి, రెండు, మూడు. గోడ వైపు చూశాను. మూత మూతలాగే ఉంది. మోటారు చప్పుడేమీ లేదు. నల్లా మూతి కింద అరచెయ్యి పెట్టాను. చల్లటి గాలి. నీళ్లు వెనక నుంచి తోస్తుంటే పైపులో ఉన్న గాలంతా ముందుగా నా నల్లా గుండా బయటికి వస్తోంది. మీటరు దాన్ని కూడా నీళ్ల కిందే రాసుకుంటోంది.

నల్లా కట్టేశాను. అంకె ఆగింది. తెరిచాను. కదిలింది. చిన్నపిల్లలాగా నాలుగైదుసార్లు కట్టి తెరిచాను. నవ్వు కూడా వచ్చింది. అంతలోనే కళ్లు ఆ మూత మీద పడ్డాయి, నల్లా మీద నుంచి చెయ్యి తీసేశాను.

ఆ రోజే పది గంటలకు తనిఖీ అతను వచ్చాడు. ఒక్కడే, చేతిలో ఫోన్. నేను అతన్ని కూర్చోబెట్టి గబగబా అంతా చెప్పాను. దేగ్, నల్లా, గాలి.

అతను ఆశ్చర్యపోలేదు. "గాలికి తిరుగుతదమ్మా, తెలిసిందే. నీళ్లొచ్చెదాక నల్లా బంద్ పెట్టుకోవాలె. లేకుంటె ఎయిర్ వాల్వ్ పెట్టించుకో."

"తెలిసిందైతే మెసేజ్‌ల గా ముక్క ఎందుకు రాయలె సారూ?"

"మెసేజ్ నేను రాయనమ్మా. మిషిని రాస్తది."

దుకాణమంతా తిరిగాడు. డ్రమ్ముల వెనక, మెట్ల కింద మోటారు కోసం చూశాడు. ఇక పోతాడనుకున్నాను. గోడ దగ్గర వంగాడు.

"ఇదెటు పోతది?"

"పక్కింటికి సారూ. పాతది. మూసేసినం."

"ఎప్పుడు మూసినవ్?"

"మూసేసినం సారూ."

అతను మూతను వేలితో తట్టి ఫొటో తీసుకున్నాడు. "మంచి పని చేసినవ్. ఇది గన తెరిచి ఉంటె ఇయ్యాల్నే కట్ చేసేటోన్ని, నా చేతిల గూడ లేదు. ఫొటో ఎక్కిచ్చిన. మల్ల తెరువకు. ఇగ ఏడాదికోసారి వచ్చి చూస్తరు." వేలితో ఫోన్ మీద రాశాడు. "అయిపోయింది. నీ నల్లాకు ఏం ఫికర్ లేదు."

అతను పోయాక తోమే ఆడవాళ్లు "గండం గడిచింది" అన్నారు. పెళ్లి దేగ్‌లు బండికి ఎక్కించాలి. ఎక్కించాను. నా నల్లా నాకు మిగిలింది. మిగిలింది ఎందుకో ఆ ఫొటోలో ఉంది.

మధ్యాహ్నం ఆపా ఇంటికి పోయాను. వాకిట్లో మంచం మీద కూర్చొని బియ్యం ఏరుతోంది. మోటారు అట్టపెట్టెలో నుంచి బయటికి వచ్చింది. డ్రమ్ములోకి ఒక గొట్టం, మేడ మీది టాంకుకు ఒక గొట్టం. చూడగానే అర్థమైంది. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. మెసేజ్ నుంచి మూత దాకా, ఎలుక చావలేదని కూడా.

ఆపా చేటలో చెయ్యి ఆడిస్తూనే ఉంది.

"మోటరు పైకి ఎక్కిచ్చేటందుకు" అంది. "నా మోకాళ్లు పోయినయి. బిందెలు మోయవస్తలేదు. బిడ్డ కొనిచ్చింది."

"ఇప్పుడు తెలిసింది ఆపా."

"నీళ్లు బంద్ చేసెటందుకు చెయ్యి వచ్చింది. అడిగెటందుకు నోరు రాలె నీకు."

"రాలె."

"నేను ఎలుక, ఎలుక అని నవ్వుకుంట బిందెలు మోసిన. దివానీని చేసినవ్ నన్ను." బియ్యంలో ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. "ఇగ తెరువవా?"

"తెరిస్తె నా నల్లా పోతది."

"మరి నాది?"

చేతిలో ఉన్న కాగితం చూపించాను. ఇంటికి కొత్త నల్లా కావాలని అడిగే దరఖాస్తు. వచ్చేముందు మీసేవకు పోయి తీసుకున్నాను. పాత లైను చెడిపోయింది కాబట్టి అవతలి గల్లీలో వేసిన కొత్త లైను నుంచి ఇవ్వమని అడగవచ్చని తనిఖీ అతనే గుమ్మం దిగుతూ చెప్పాడు. ఆపాకు ఉర్దూ వచ్చు, తెలుగు చదవరాదు.

"రాస్త నేను" అన్నాను.

"రాయి మరి. నీ చదువుకు రెండేండ్లు నీ గల్లా పెట్టె కాడ కూసున్న. గంతన్న పనికి రావాలె గద" అంది. మంచం మీద కొంచెం జరిగింది.

కూర్చొని రాశాను. పేరు, ఇంటి నంబరు, ఇంట్లో ఎంతమంది. నా అక్షరాలు పెద్దవి, గళ్లలో పట్టవు. ఒక్కో గడి చదివి వినిపిస్తూ, ఆమె చెప్పింది రాస్తూ పోయాను. సగంలో ఒక ప్రశ్న ఉంది. ప్రస్తుతం నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని.

కలం అక్కడ ఆగింది. మా నల్లా నుంచి అని రాస్తే ఫొటో అబద్ధమవుతుంది. నా దుకాణం మళ్లీ మొదటికి వస్తుంది.

"ఏం అడిగింది?" అంది ఆపా.

చదివి చెప్పాను. ఆమె నా మొహమే చూస్తోంది. నేను కిందికి చూసి "ఏమీ లేదు" అని రాశాను.

"ఏం రాసినవ్?"

"ఏమీ లేదని రాసిన ఆపా."

ఆమె చేట పక్కన పెట్టి, కాగితం తన వైపు తిప్పుకొని, నేను వేలు పెట్టిన చోట కుడి నుంచి ఎడమకు ఉర్దూలో సంతకం చేసింది. కాగితం మడిచి నాకు ఇచ్చింది. మంచం కింద ఉన్న రెండు బిందెలు తీసి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"ఎల్లుండి నీళ్ల వంతు" అంది. "నువ్వు తెస్తవా, నేనే రావాల్నా?"

"నేనే తెస్త."

బిందెలు రెండు చేతుల్లో పట్టుకొని వచ్చేశాను. దరఖాస్తు ఇచ్చి నాలుగు నెలలైంది, ఇంకా ఎవరూ చూడటానికి రాలేదు. నల్లా వచ్చే రోజు అన్నిటికంటే ముందు ఆపా బిందెలే నింపి ఆమె గుమ్మం ముందు పెడతాను. ఆమె తీసుకుంటుంది. నాతో మాట్లాడుతుంది కూడా, కూరగాయల ధరలు, మోకాళ్ల నొప్పులు. దుకాణంలో మాత్రం మళ్లీ వచ్చి కూర్చోలేదు.